నూనె వణకాలె, విడిపోవద్దు

మా వియ్యంకుడు గారు ఇక లేరన్న వార్తను మా అల్లుడే నాకు ఫోనులో చెప్పాడు. తెల్లవారి లేచి, గేటు తాళం తీసి, వరండాలో తమ కుర్చీలో కూర్చున్నారట. వియ్యపురాలు లోపలి నుంచి చాయ్ తెచ్చేలోగా తల పక్కకు ఒరిగిందట. డాక్టరు వచ్చి, నాడి చూసి, చేతిని మెల్లగా ఒడిలో పెట్టి లేచారట. ఇంత చెప్పాడు. తరువాత, "చేరిందా మామయ్యా?" అని అడిగాడు.

అది ఆయన మాట. ఆయన లేని మొదటి గంటలోనే అది కొడుకు నోట వినవలసివచ్చింది. "చేరింది నాయనా," అన్నాను. ఏం చేరిందో తిరిగి చెప్పమంటాడేమోనని భయపడ్డాను. అతడు అడగలేదు. ఆయనైతే అడిగేవారు.

ఏ సంగతి చెప్పినా చివర "చేరిందా?" అనకుండా ఆయన మాట ముగిసేది కాదు. "ఆ" అంటే ఒప్పుకొనేవారు కారు. విన్నదాన్ని మన మాటల్లో అప్పజెప్పాలి. బతుకంతా పిల్లల చేత పాఠాలు అప్పజెప్పించుకొన్న నాకు, తల నెరిసిన తరువాత మరొకరికి పాఠం అప్పజెప్పవలసి రావడం మొదట్లో రుచించలేదు. ఒకసారి ఆ మాటే అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "చెప్పిందంత చేరదు బావగారూ. అతుకు కాడ కొంత కారిపోతది. ఎంత కారిందో ఎరుక కావాలె గద," అన్నారు. ఆ అతుకు ఏమిటో నాకు చాలాకాలం తరువాత తెలిసింది.

ఈ పత్రిక చదివేవారిలో ఆయనను చూసినవారు కొందరైనా ఉంటారు. జగదల్‌పూర్‌లో మన తెలుగువారి ఉగాది సభకు వచ్చి, ద్వారం పక్కనున్న కుర్చీనే ఎన్నుకొని, ఉపన్యాసాలు సాగినంతసేపూ పందిరి గుంజలను, కరెంటు తీగలను పరిశీలించే పొడవాటి మనిషి ఆయనే. ఉసూర్ అవతల, పామేడు వైపు పల్లెలో సేద్యగాళ్ల ఇంట పుట్టారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో దోర్లి. ఉక్కు పని భిలాయి వైపు వెళ్లి నేర్చుకొని, తోంగ్‌పాల్ దారిలో వెలసిన ఒక చిన్న కర్మాగారంలో చేరి, అక్కడి పోత విభాగానికి పెద్దగా పదవీ విరమణ చేశారు. కర్మాగారం పేరు ఇక్కడ అవసరం లేదు. ఆయన నిలిచిన ఉక్కు పోత వేదిక మీదనే ఈనాడు మా అల్లుడు నిలుస్తున్నాడన్నది మాత్రం పాఠకులు గుర్తుంచుకోవాలి. నా ఈ నాలుగు మాటలకూ మూలం అదే.

పెళ్లిచూపులకు వచ్చిన రోజున ఆయన కూర్చోకుండా, పిల్లను చూడకుండా, నేరుగా మా వంటగదిలోకి వెళ్లారు. మా ఇంటావిడకు ఒళ్లు మండింది. మాది కోంటా వర్తకుల వంశం. మర్యాదల విషయంలో ఆవిడ రాజీపడదు.

"ఏంది అన్నయ్యగారూ, గిన్నెల మూతలు తీసి చూసినాక పిల్లను చూస్తారా?" అన్నది.

"గిన్నెలు గాదు చెల్లెమ్మా, సిలిండర్ చూసిన. రెగ్యులేటర్ కాడ వాషర్ అరిగింది, వాసన వస్తంది. పిల్లను మేం తీసుకపోతం. మీరు ఈ ఇంట్లనే ఉండాలె గద."

ఆ వాషర్ మార్పించిన తరువాతనే ఆయన చాయ్ తాగారు. సంబంధం కుదిరింది. ఆయన ఆందోళన తమ కోసం ఎన్నడూ కాదని నాకు ఆనాడే తట్టి ఉండవలసింది.

మా మధ్య తెగని వాదం ఒకటి ఉండేది. ఆయన 'మోల్డ్' అనేవారు, నేను 'అచ్చు' అనేవాణ్ణి. ఆయన 'టండిష్' అంటే నేను 'తొట్టి' అనేవాణ్ణి. "మీరు ఏ పేరన్న పెట్టుండ్రి బావగారూ, లోపల పోసేది ఆ మంటనే," అని నవ్వేవారు. కాని వాదంలో ఓడినట్టు ఒప్పుకోకుండానే, కొన్నాళ్లకు నా ముందు 'అచ్చు' అనడం మొదలుపెట్టారు. ఇతరుల ముందు 'మోల్డే'. ఆ మన్ననకు నేను ఆయనకు కృతజ్ఞతలు చెప్పనేలేదు.

ఆ పనిని ఆయన నాకు చెప్పిన తీరులోనే, నాకు చేరినంత మేరకు చెబుతాను. కరిగిన ఉక్కును మొదట తొట్టిలోకి వంపుతారు. తొట్టి అడుగు నుంచి, మంటకు ఓర్చే మట్టితో చేసిన గొట్టం ఒకటి కిందనున్న రాగి అచ్చులోకి దిగుతుంది. అచ్చు గోడల వెనుక చన్నీరు పరుగెడుతూ ఉంటుంది. ఉక్కు ఆ గోడలను తాకినచోట పలుచని తోలు కడుతుంది. లోపల ఇంకా ద్రవమే. ఆ తోలుతోనే అది పలకగా కిందికి జారుతుంది. పైన పోస్తూనే ఉంటారు, కింద లాగుతూనే ఉంటారు. తోలు ఎక్కడైనా చినిగితే లోపలి మంట వేదిక కిందికి దూకుతుంది. ఆ వాక్యాన్ని ఆయన ఎన్నడూ పూర్తి చేయలేదు. "తోలు గనక చినిగితే..." అని ఆగి, గేటు వైపు చూసేవారు.

ఉక్కు పారే గొట్టం లోపల తెల్లని మడ్డి పేరుకొంటుంది. అది పేరుకోకుండా ఆర్గాన్ అనే వాయువును సన్నగా ఊదుతారు. ఆ వాయువు ఉక్కుతోపాటు అచ్చులోకి దిగి, బుడగలై పైకి తేలుతుంది. పైన ఉక్కు మీద ఒక పొడి చల్లి ఉంచుతారు. అది కరిగి దుప్పటిలాగా కప్పుకొంటుంది. వాయువు చాలకపోతే గొట్టం పూడి పోత ఆగిపోతుంది. ఎక్కువైతే దుప్పటి చీలుతుంది, ఉక్కు మట్టం ఎగిరెగిరి పడుతుంది, పొడి లోపలికి మునుగుతుంది, తోలు సరిగా కట్టదు. ఆయన కొలువంతా ఈ రెండు భయాల నడుమ గడిచింది.

విరమణ తరువాత ఆ భయాన్ని ఆయన ఇంటికి తెచ్చుకొన్నారు. సైన్‌బోర్డుల దుకాణంలో పారదర్శకమైన ప్లాస్టిక్ పలకలు కోయించి, వరండాలో ఒక అచ్చును కట్టారు. చేపల తొట్టెకు పెట్టే మోటారు నీటిని పైకి తోడి గొట్టంలో వదిలేది. మరొకటి గాలిని ఊదేది. ఉక్కుకు బదులు నీరు, దుప్పటికి బదులు నూనె. కిరసనాయిలు పోస్తానంటే వియ్యపురాలు ఒప్పుకోలేదు. తన ఇప్పగింజల నూనె సీసా తెచ్చి ఇచ్చింది. బుడగలు లేస్తుంటే ఆ పసుపుపచ్చని నూనె పొర మీద ఆయన కళ్లు నిలిచిపోయేవి.

"నూనె వణకాలె, విడిపోవద్దు. అసలు వణకకపోతే గాలి పోతలేదని లెక్క. విడిపోయిందంటే మోతాదు దాటిందని లెక్క. చేరిందా?"

"చేరింది. వణకాలి, విడిపోరాదు," అని అప్పజెప్పేవాణ్ణి.

ఆయన విరమణ, కర్మాగారపు విలీనం ఇంచుమించు ఒకే కాలంలో జరిగాయి. ఎక్కడో దూరాన ఉన్న పెద్ద సంస్థలో మా చిన్న కర్మాగారం కలిసింది. గేటు రంగు మారింది, టోపీల రంగు మారింది, ఎవరి కొలువు నిలుస్తుందో ఎవరిది ఊడుతుందో తెలియక బజారులో ఉద్దెర అడిగేవారు కూడా గొంతు తగ్గించి అడిగేవారు. ఒక సాయంకాలం ఆయన నన్నడిగారు.

"విలీనం అంటే మీ లెక్కల ఏంది బావగారూ?"

"ఒకటి మరొకదానిలో కలిసి కనబడకుండా పోవడం."

"మరి కనబడకుంట పోయేది ఏందో ముందుగాల చెప్తరా, పోయినాక మనమే ఎతుక్కోవాల్నా?"

అప్పుడు నవ్వుకొన్నాం.

ఆ తరువాతి శీతకాలంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వారింట భోజనానికి కూర్చున్నాను. మా అమ్మాయి వడ్డిస్తోంది. అల్లుడు ఉత్సాహంగా ఉన్నాడు. పెద్ద సంస్థవారు గొట్టం అతుకు దగ్గర బిగించే కొత్త అమరికను పంపారట.

"పాతదానికి దీనికి పోలికే లేదు నాన్నా. ఒక్క ఈల లేదు. ఎంత నిమ్మళంగ ఉన్నదో."

వియ్యంకుడు గారి చేతిలో ముద్ద ఆగింది. "ఈల లేదా?"

"లేదు. గ్యాసు ఇసుమంత కూడ బయటికి పోతలేదు."

"మరి మీటర్ ఎంతకు పెడుతుండ్రు?"

"ఎప్పటిదే. ఎర్ర గీత కాడికి."

"ఉక్కు పోసిండ్రా దాంతోని?"

"ఇంక పోయలే. బుధవారం పోస్తం. ఆ పొద్దు నాదే డ్యూటీ."

ఆయన లేచి చేయి కడుక్కొన్నారు. కంచంలో అన్నం అలాగే ఉంది.

"ఏందయ్యా, పప్పుల ఉప్పు ఎక్కువైందా?" అని వియ్యపురాలు లోపలి నుంచి అడిగింది.

"ఉప్పు గాదు," అని మాత్రం అన్నారు. ఏది ఎక్కువైందో కోడలి ముందు చెప్పలేదు.

వరండాలోకి వచ్చిన తరువాత నాకు చెప్పారు. పాత అమరికలో అతుకు దగ్గర సందు ఉండేదట. ఊదిన వాయువులో చాలాభాగం ఉక్కును చేరకుండా అక్కడే ఈల వేసుకొంటూ బయటికి పోయేది. యంత్రం చేసినవారు చెప్పిన మోతాదు పెడితే గొట్టం మాటిమాటికీ పూడిపోయేది. అందువల్ల ఆయన మోతాదును బాగా పెంచి, మీటరు అద్దం మీద ఒక ఎర్ర గీత గీశారు. అప్పటి నుంచి పోత సాఫీగా సాగింది.

"మా ఇంటామె గోళ్ల రంగుతోని గీసిన బావగారూ. బడే సాబ్ గీత అని అందరు దండం పెట్టినట్టు చూసేటోళ్లు. ఈలకు తగ్గట్టు గీత గీసిన. ఇప్పుడు ఈల పోయింది, గీత మిగిలింది."

నాకు విషయం మెల్లగా చేరింది. కారిపోయే వాయువు ఇక కారదు. మీటరు పాత చోటనే నిలుస్తుంది. ఊదినదంతా అచ్చులోకి దిగుతుంది. ఆ అచ్చు పక్కన, బుధవారం నాడు, మా అమ్మాయి భర్త నిలుస్తాడు.

"అయితే తగ్గించమని అల్లుడికి చెప్పండి."

"వాని చేతుల ఏమున్నది? ఆర్డర్ పై నుంచి రావాలె."

"పైవారికే చెప్పండి."

"ఆ వచ్చిన సాబ్ మంచోడు. అదే చిక్కు. రాంగనే పాతోళ్లను పిలిచి, మీ పద్ధతి ఏందో చెప్పుండ్రి, మంచిగ నడిచేదాన్ని ముట్టుకోను అన్నడట. వీళ్లు నా గీత చూపెట్టిండ్రు. చెడ్డోడైతే ఎప్పుడో తుడిచి పారేసేటోడు."

అప్పుడే ఆ అధికారికి ఫోను చేశారు. సంకేతం సరిగా అందలేదు. అవతలి మాట నాకూ వినపడింది: "మీ గీతను మేమందరం గౌరవిస్తున్నామండి." ఈయన "గౌరవం గాదు సార్, తగ్గించాలె, చేరిందా?" అని కేకవేసేసరికి తెగిపోయింది. ఫోను నా చేతికి ఇచ్చారు. "మీరు పిలవండి బావగారూ, భోజనానికి. మీ మాట తీరుగ ఉంటది. నా మాట సగం కారిపోతంది."

నా తెలుగు ఒక ప్రాణాన్ని కాయవలసిన రోజు వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. పిలిచాను. మంగళవారం మధ్యాహ్నానికి వస్తానన్నారు.

ఆ అధికారి కోస్తా వైపు మనిషి. వయసులో చిన్నవారు, మర్యాదస్థులు. వరండాలోని అమరికను చూసి, "ఇదేంటండి, చేపలు లేవేంటి?" అన్నారు. ఎవరమూ నవ్వలేదు. వియ్యంకుడు గారు గాలి గొట్టానికి ఒకచోట సూదితో చిన్న రంధ్రం చేసి ఉంచారు. అది పాత అతుకు. నా పని ఆ రంధ్రం మీద వేలు పెట్టడం. నా వేలే కొత్త అమరిక.

మోటారు వేశారు. రంధ్రం నుంచి గాలి సన్నగా ఈల వేసింది. నీటిలో బుడగలు కొద్దిగా లేచాయి. "బావగారూ, వేలు," అన్నారు. పెట్టాను. బుడగలు గుంపులుగా లేచి నూనె కిందికి చేరాయి. చేరి, అక్కడే ఆగిపోయాయి. నూనె కదలలేదు.

అధికారి మర్యాదగా కొంతసేపు చూశారు. "ఏం కాలేదు కదండీ," అన్నారు.

వియ్యంకుడు గారు ముందుకు వంగారు. మోటారును తట్టారు. గొట్టాన్ని తట్టారు. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా అమ్మాయి అక్కడ చెవులొగ్గి నిలబడి ఉందని నాకు తెలుసు. నా వేలి కొసన గాలి కొట్టుకొంటోంది. తీయాలో ఉంచాలో తెలియలేదు. సందేశం ఇంత దూరం వచ్చి గుమ్మంలో ఆగిపోయిందనిపించింది.

అప్పుడు వియ్యపురాలు వచ్చి నూనెలో వేలు ముంచింది. వేలు మునగలేదు.

"నెయ్యి లెక్క గడ్డకట్టె. చలికి ఇప్ప నూనె పేరుకుంటదని ఎరుక లేదా? ఎండల పెట్టుండ్రి అని పొద్దుగాల చెప్పిన. ఈయనకు చేరలే."

ఆమె ఆ గడ్డను గరిటెతో ఎత్తి, గిన్నెలో వేడిచేసి తెచ్చి, తానే పోసింది. ఈసారి ఈల వేస్తున్నంతసేపూ నూనె అంచు నుంచి అంచుదాకా వణికింది. నేను వేలు పెట్టాను. నూనె మధ్యలో విడిపోయి, గుండ్రంగా, కన్ను తెరిచినట్టు నీరు బయటపడింది. నూనె చుక్కలు నీటి ఒరవడికి చిక్కి అచ్చు అడుగుదాకా మునిగాయి. వేలు తీశాను. కన్ను మూసుకొంది.

అధికారి కుర్చీలోంచి లేచి, మోకాళ్ల మీద వంగి, తమ వేలే ఆ రంధ్రం మీద పెట్టి చూశారు. మళ్లీ మళ్లీ చూశారు.

"పాత అతుకు దగ్గర ఎంత కారేదో కొలిచారాండి?"

"లేదు సార్. కొలవలే. ఈల ఇన్నం, గీత గీసినం. అందుకే భయం."

"నీళ్లు వేరు, ఉక్కు వేరు కదండీ."

"వేరే. నీళ్లన్న నయం. సల్లటి గ్యాసు ఉక్కుల దిగంగనే వేడికి ఉబ్బుతది."

"మరీ తగ్గించేస్తే గొట్టం పూడుతుంది."

"పూడితే పోత ఆగుతది. నష్టమే. తోలు గనక చినిగితే..."

ఆయన గేటు వైపు చూశారు. ఆ వాక్యం తక్కిన భాగం అధికారికి చేరింది. లేచి నిలబడి, "కింద నుంచి మొదలుపెడదామండి. గీతను చూసి కాదు, పైనున్న దుప్పటిని చూసుకొంటూ కొంచెం కొంచెంగా పెంచుదాం," అన్నారు. ఆ రోజు ఆయన భోజనం చేసే వెళ్లారు. మీరూ రండి అని మాత్రం అనలేకపోయారు. విలీనం తరువాత విరమించినవారిని గేటు దాటనివ్వడం మానేశారు.

అందుచేత బుధవారం మేము ఇంటి దగ్గరే కూర్చున్నాం. కర్మాగారం దూరం, అక్కడి కూత ఇక్కడికి వినపడదు. ఆయన తమ కుర్చీలో, నేను పక్క కుర్చీలో. ఫోను చేయనివ్వలేదు. "వాని కండ్లు దుప్పటి మీద ఉండాలె. జేబుల మోగొద్దు," అన్నారు. మా అమ్మాయి చేటలో బియ్యం ఏరింది. ఏరిన బియ్యమే మళ్లీ పోసుకొని ఏరింది.

"నాన్నా, ఇద్దరూ అట్లా గేటును కాయకండి. ఏదన్నా మాట్లాడండి," అన్నది.

"నువ్వు పొయ్యి కాడినుంచి ఇటు వచ్చి కూసో బిడ్డా," అన్నారాయన. పొయ్యి ఆరిపోయి చాలాసేపైంది.

ఎండ తిరిగిన తరువాత పెద్ద రోడ్డు మీద అంబులెన్సు కూత వినపడింది. ఆయన లేచి గేటు పట్టుకొన్నారు. నేనూ లేచాను. అమ్మాయి లేవలేదు, చేటను గట్టిగా ఒడికి అదుముకొంది. కూత మా సందు మొదలు దాటి, కర్మాగారం వైపు నుంచి కాదు, బస్టాండు వైపు నుంచి వచ్చి, ఆసుపత్రి వైపు పోయింది. ఎవరి ఇంటి కష్టమో. మాది కాదన్న ఊరట కలిగినందుకు నాకు సిగ్గు కలిగింది. ఆయన ఇక కూర్చోలేదు.

పొద్దు వాలుతుండగా అల్లుడి మోటారు సైకిల్ సందు తిరిగింది. అతడు టోపీ తీస్తుండగానే తండ్రి అడిగారు.

"ఏమైంది?"

"ఏం కాలే నాన్నా."

"ఏం కాలే అంటే ఏం కాలేదో చెప్పు."

అతడు మెట్ల మీద కూర్చుని అంతా అప్పజెప్పాడు. తక్కువలో మొదలుపెట్టారు. మెల్లమెల్లగా పెంచారు. ఎర్ర గీతకు ఎంతో దిగువన ఉండగానే పొడి దుప్పటి ఉడికినట్టు ఎగరసాగింది. సాబ్ చేయెత్తారు. వెంటనే దించారు. దుప్పటి సర్దుకొంది, వణుకుతూ నిలిచింది. పోత చివరిదాకా అలాగే సాగింది.

"గీత కాడికి పెట్టి ఉంటే..." అని అతడు మొదలుపెట్టి, గేటు వైపు చూశాడు. వాక్యం పూర్తి చేయలేదు.

"ఆ గీత?"

"సాబ్ తుడుస్తనన్నడు. నేనే తుడిచిన. అమ్మ రంగు గట్టిది, బ్లేడు పెట్టి గీకితే గాని పోలే."

లోపలి నుంచి వియ్యపురాలు, "ఆ సీసకు అప్పుడే నన్ను తిట్టిరి, ఖరీదైందని," అన్నది. అప్పుడు అందరం నవ్వాం. మా అమ్మాయి మాత్రం చేట కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. చాలాసేపటి తరువాత ముఖం కడుక్కొని చాయ్ తెచ్చింది.

ఆయన నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "కొత్త గీత గీసిండ్రా?"

"ఇంక లేదు."

"గీయకుండ్రి. గీత గీస్తే చూసుడు మానేస్తరు."

తమ చేతి గీత చెరిగిపోయినందుకు బాధపడే మనిషిని నేను అర్థం చేసుకోగలను. నేను రాయించిన పాఠాన్ని ఇంకొకరు కొట్టివేస్తే నాకు నిద్ర పట్టేది కాదు. ఆయన మాత్రం ఆ రాత్రి భోజనంలో పప్పు రెండుసార్లు వేయించుకొన్నారు. మర్నాడు గాలి గొట్టపు రంధ్రాన్ని మైనంతో మూశారు. "అతుకు మారింది గద బావగారూ. మీ వేలు ఇక రిటైర్," అన్నారు.

దానితో ఆయన భయం తీరిందనుకొంటే పొరపాటు. కొడుకు డ్యూటీకి వెళ్లిన ప్రతిసారీ ఆ కుర్చీలోనే కూర్చొనేవారు. "ఇంకా దేనికండీ?" అని అడిగాను. "ఏం కాకుంట ఇంటికొచ్చుడు ఊకెనే జరగదు. ఎవరో ఒకరు చూస్తుండాలె," అన్నారు. ఆయన ఇక్కడ చూస్తే అక్కడ ఏం ఆగుతుందని నేను వాదించలేదు. వాదించకపోవడం ఆయన దగ్గర నేర్చుకొన్న వాటిలో ఒకటి.

కర్మలు ముగిశాయి. చుట్టాలు ఎవరి ఊళ్లకు వారు వెళ్లారు. నిన్న మా అల్లుడు మళ్లీ డ్యూటీకి బయలుదేరాడు. నేను పొద్దున్నే వారింటికి వెళ్లాను. అతడు మోటారు సైకిల్ తీస్తూ ఖాళీ కుర్చీని చూసి తల తిప్పుకొన్నాడు. "పోయి రా నాయనా. దుప్పటి మీద చూపు పెట్టు," అన్నాను. అడగకూడదనుకొంటూనే అడిగాను: "చేరిందా?"

"చేరింది మామయ్యా. దుప్పటి మీద చూపు," అని అప్పజెప్పి వెళ్లాడు.

ఆయన కుర్చీలో కూర్చోవడానికి మనసు ఒప్పలేదు. పక్క కుర్చీలో కూర్చున్నాను. ఇప్పుడూ చలికాలమే, ఇన్నాళ్లూ ఎవరూ ముట్టని అచ్చులో నూనె గడ్డగా బిగిసి ఉంది. వియ్యపురాలు వచ్చి, దానిని ఎండ పడే వైపుకు జరపమని చేయి చూపింది. ఇద్దరం కలిసి జరిపాం. అమ్మాయి చేట తెచ్చుకొని గుమ్మంలో కూర్చుంది. ఎండ ఎక్కేకొద్దీ గడ్డ అంచులు కరిగి, పసుపుపచ్చగా మెరిసి, మెల్లగా ఒక్కటే పొర అయింది. నేను మోటారు మీట వేశాను.

అల్లుడు రావడానికి ఇంకా చాలా పొద్దుంది. గేటు తీసే ఉంది. నీటిలో బుడగలు ఒకదాని వెనుక ఒకటి లేస్తున్నాయి. నూనె అంచు నుంచి అంచుదాకా సన్నగా వణుకుతోంది. విడిపోలేదు.